సాయంత్రానికి వాలిపోయే కన్ను

మొదట నేను అనుమానించింది బస్సునే. చాంద్రాయణగుట్ట నుంచి శాలిబండ మీదుగా అఫ్జల్‌గంజ్ వెళ్లే సిటీ బస్సులో అప్పట్లో నేను కండక్టర్‌ని. మా పాత బస్సు మూలపడి, వేరే బస్సు ఇచ్చారు. ఆ బస్సులో మధ్యాహ్నం దాటేసరికి పైనున్న రాడ్డు పట్టుకోవడానికి నా చెయ్యి లేచేది కాదు. రాడ్డు ఎత్తుగా బిగించారనుకున్నాను. ఒకరోజు పక్కన ఆగిన ఇంకో బస్సు ఎక్కి, దాని రాడ్డు కూడా పట్టుకుని చూశాను. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

తర్వాత టికెట్ మిషన్‌ని అనుమానించాను. ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమయ్యాక రద్దీ బాగా పెరిగింది. ఒక్కొక్కరి ఆధార్ కార్డు చూసి, జీరో టికెట్ కొట్టి ఇవ్వాలి. కొత్తగా ఇచ్చిన మిషన్‌లో బటన్లు గట్టిగా ఉన్నాయని, అందుకే వేళ్లు మొరాయిస్తున్నాయని డిపోలో చెప్పి మిషన్ మార్పించుకున్నాను. మార్చిన మిషన్ పొద్దున బాగానే నడిచేది. సాయంత్రానికి దాని బటన్లు కూడా గట్టిపడేవి. అప్పటికి నాకు నలభై నిండలేదు. నా ఒంటిని అనుమానించాలన్న ఆలోచనే రాలేదు.

ఇంట్లో మేం ముగ్గురం. శాలిబండ సందులో రెండు గదులు, ముందు చిన్న వాకిలి. మా ఆయన పెళ్లి పత్రికలు అచ్చేసే ప్రెస్సులో పని చేస్తాడు. అత్తమ్మ వంటింటిని ఎవరికీ అప్పగించే మనిషి కాదు. డ్యూటీ దిగి వచ్చేసరికి వేడి జొన్నరొట్టెలు, కూర సిద్ధంగా ఉండేవి. సగం రొట్టె వరకు మామూలుగానే నమిలేదాన్ని. తర్వాత దవడ ఆగిపోయేది. నొప్పి ఉండేది కాదు. నమలమని నేను చెప్తున్నా అది వినేది కాదు, అంతే. గడ్డం కింద చెయ్యి పెట్టి దవడను పైకి నెట్టుకుంటూ తినేదాన్ని.

అత్తమ్మ కొన్నాళ్లు చూసి ఒకరోజు అడిగేసింది. "ఏందే, నా చేతి రొట్టె నీకు గొంతు దిగుతలేదా?"

"గట్ల కాదత్తమ్మా. దవడ ఆడుతలేదు."

"పొద్దుగాల నాష్టా తినేటప్పుడు మంచిగనే ఆడుతది గదా. రాత్రికే ఎందుకు ఆడదు?"

ఆమె అన్నది నిజమే. పొద్దున లేచి నీళ్లు పట్టేదాన్ని, బట్టలు పిండేదాన్ని, తల దువ్వుకుని జడ వేసుకునేదాన్ని. సాయంత్రం అదే జడ విప్పడానికి చేతులు తల దాకా వెళ్లేవి కావు. పని ఉన్నప్పుడే నాకు నీరసం వస్తుందని, పొద్దున అలాంటిదేమీ కనిపించదని అత్తమ్మ మా ఆయనతో అంటుంటే విన్నాను. ఆమె స్థానంలో నేనున్నా అలాగే అనుకునేదాన్నేమో. కానీ వినడానికి కష్టంగానే ఉండింది.

ఆమె నాకోసం కషాయం కాచేది. అందులో ఏం వేస్తుందో చెప్పేది కాదు. కొన్నాళ్లకు నాకు ఆ కషాయం మీదే అనుమానం మొదలైంది. అది తాగడం మొదలుపెట్టాకే కదా ఇదంతా అనిపించింది. నిజానికి అప్పటికే నా చేతులు బరువెక్కడం మొదలైంది. కానీ అనుమానం వచ్చాక ముందూ వెనకా లెక్క తప్పిపోతుంది. ఆమె అటు తిరగ్గానే గ్లాసు మోరీలో పారబోసేదాన్ని. పారబోసిన రోజుల్లోనూ చేతులు అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత గొంతు మారింది. కండక్టర్‌కి గొంతే ఆధారం. పొద్దుటి ట్రిప్పుల్లో స్టాపు పేరు అరిస్తే వెనక మెట్టు మీద నిలబడ్డవాళ్లకు కూడా వినబడేది. చివరి ట్రిప్పుకి మాట ముక్కులోంచి వచ్చేది, నాలుక మందంగా కదిలేది. 'శాలిబండ' అంటే ఏం వినబడేదో గానీ జనం తిరిగి చూసేవాళ్లు. ఒకసారి సీసా ఎత్తి నీళ్లు తాగబోతే ముక్కులోంచి బయటికి వచ్చాయి.

ఒక సాయంత్రం బస్సులో ముందు సీటు దగ్గర ఇద్దరు ఆడవాళ్లు నిలబడి కనిపించారు. ఒకే చీర, ఒకే ముఖం. కవలలనుకున్నాను.

"ఇద్దరూ కార్డులు చూపించుండ్రి" అన్నాను.

ఒక్కటే చెయ్యి ముందుకొచ్చింది. ఆ కార్డు కూడా నాకు రెండుగా కనబడింది.

"ఇద్దరెవరు? నేనొక్కదాన్నే గదా" అంది ఆమె. నా ముఖంలోకి వంగి చూసింది. "తాగి డ్యూటీకొచ్చినవా ఏంది?"

బస్సు మొత్తం నా వైపు తిరిగింది. "తాగలేదు" అన్నాను. ఆ మాట కూడా తాగినవాళ్లు పలికినట్టే వచ్చింది. లొల్లి మొదలైంది. ఒకాయన ఫోన్ తీసి వీడియో తియ్యబోయాడు. డ్రైవర్ భాయ్ బస్సు పక్కకు ఆపి, ఆయన చేతికి తన చెయ్యి అడ్డం పెట్టి, "చోడో భాయ్, ఆమెకు తబియత్ మంచిగ లేదు" అని సర్దిచెప్పాడు. అప్పుడు నాకు సంతోషం కలగలేదు. నా తబియత్ సంగతి ఈయనకెలా తెలుసు అన్న అనుమానమే కలిగింది.

ఆ డ్రైవర్‌ది బహదూర్‌పురా. వయసులో నాకంటే చాలా పెద్దవాడు, రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డాడు. కొన్ని వారాలుగా ఆయన లోపలి అద్దంలో నన్నే చూస్తున్నాడని నేను గమనిస్తూనే ఉన్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా తలెత్తితే అద్దంలో ఆయన కళ్లు కనబడేవి. నేను చూడగానే తిప్పేసుకునేవాడు. అంత వయసున్న మనిషికి ఇదేం బుద్ధి అనుకున్నాను. కొంగు సర్దుకుని వెనక డోరు దగ్గరకు వెళ్లిపోయేదాన్ని.

బస్సులో ఆ గొడవ సంగతి మేం డిపోకు చేరేలోపే అక్కడికి చేరింది. డిపోలో డ్యూటీలు వేసే కంట్రోలర్, తాగారో లేదో తేల్చే ఊదే మిషన్ తెప్పించాడు. డ్రైవర్లకు రోజూ పెట్టేదే, నాకు అదే మొదటిసారి. గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాను. పెదాలు గొట్టం చుట్టూ బిగుసుకోలేదు. గాలి రెండు పక్కల నుంచీ పోయింది. మిషన్ ఏమీ చూపించలేదు. మళ్లీ ఊదమన్నాడు. మళ్లీ అంతే.

"ఏమ్మా, కావాలని ఊదుతలేవా? గిసొంటి తెలివి మస్తు మందిల చూసిన నేను" అన్నాడు.

"ఊదుతున్న సార్. గాలి పోతలేదు."

"తాగకుంటే భయమెందుకు? గట్టిగ ఊదు."

చుట్టూ డ్యూటీ దిగిన వాళ్లంతా నిలబడి చూస్తున్నారు. నవ్వుదామని ప్రయత్నించాను, భయం లేదని చూపించడానికి. నవ్వు కూడా సగమే వచ్చింది. తర్వాత ఒక తోటి కండక్టర్ చెప్పింది, నేను పళ్లు చూపించి వెక్కిరించినట్టు ఉందట. మర్నాడు పొద్దున నా అంతట నేనే వెళ్లి ఊదాను. ఒక్క ఊపుకే మిషన్ సున్నా చూపించింది. కంట్రోలర్ దాన్ని చూసి, "నిన్నటిది నిన్ననే దిగిపోయింది లే" అన్నాడు. నాలుగు రోజులు డ్యూటీ ఇవ్వలేదు.

ఆ మాట ఇంటికి ఎవరు చేరవేశారో ఇప్పటికీ తెలియదు. ఆ సాయంత్రం మా ఆయన ప్రెస్సు నుంచి వచ్చి చెప్పులు విడవకుండానే నా దగ్గరకొచ్చాడు. పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాను. ఏదో డబ్బా అందుకోబోతున్నట్టు నా భుజం మీదుగా వంగి, నా నోటి దగ్గర ఊపిరి లోపలికి పీల్చాడు. డబ్బా తీసుకోలేదు. నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"వాసనొచ్చిందా?" అని అడిగాను.

"ఏం వాసన? ఊకె గట్లంటవేంది?" అంటూ బయటికి వెళ్లిపోయాడు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది డిపో కాదు, ఇదే. ఆ రోజు నుంచి నేనూ ఆయన్ని కనిపెట్టి చూడడం మొదలుపెట్టాను. డిపోలో ఎవరితోనైనా మాట్లాడుతున్నాడా, వాళ్లమ్మతో గుసగుసలాడుతున్నాడా అని. ఇంట్లో ముగ్గురం ఒకరి కళ్లు ఇంకొకరం తప్పించుకు తిరిగేవాళ్లం.

డ్యూటీ లేని ఆ రోజుల్లో మా పేటలోని డాక్టర్ దగ్గరకు వెళ్లాను. పొద్దున్నే, పరగడుపున. రక్తం తీశారు, గుండెకు ఈసీజీ తీశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. "టెన్షన్ తగ్గించుకో అమ్మా" అని బలం గోలీలు రాశాడు. రిపోర్టులు బాగున్నాయంటే జనం సంతోషిస్తారు. నాకు మాత్రం ఆ కాగితాలు కూడా నా మీద సాక్ష్యం చెప్తున్నట్టే అనిపించింది. పైగా ఈసీజీని కూడా నమ్మలేదు. చెయ్యి ఆగింది, దవడ ఆగింది, నాలుక ఆగింది. గుండె కూడా కండే కదా, అది మాత్రం ఎందుకు ఆగదు? కూర్చున్నచోటే మణికట్టు మీద వేళ్లు పెట్టుకుని నాడి చూసుకునేదాన్ని. నాడి కొట్టుకుంటూనే ఉండేది. ఇప్పుడు కొట్టుకుంటోంది సరే, సాయంత్రానికో అనుకునేదాన్ని.

మళ్లీ డ్యూటీ ఇచ్చారు, అదే బస్సు, అదే డ్రైవర్. మొదటి రోజే చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ కింద బస్సు ఆగినప్పుడు, ఆయన చాయ్ తాగుతుంటే ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"భాయ్, ఒక్క మాట అడుగుత. అద్దంల నన్నెందుకు చూస్తున్నవ్?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"బహెన్, నీతోని ఝూట్ ఎందుకు చెప్త? నీ మాట తేడాగ ఉందని ఎవరో చెప్పిన్రట, కంట్రోలర్ సాబ్ చూడమన్నడు. ఆమె సంచిల సీసా గీసా ఉంటదేమో, జర నిగా పెట్టు అన్నడు. పెట్టిన."

"అంటే నా మీద చెప్పింది నువ్వేనా?"

"చెప్పిన. సీసా లేదు, ఏం లేదని చెప్పిన. ఆమె కన్ను ఖరాబైంది సాబ్ అని కూడా చెప్పిన. ఆయన ఇనలే."

"కన్ను ఏమైంది?"

"పొద్దుగాల అద్దంల చూస్తే నీ రెండు కండ్లు బరాబర్ ఉంటయ్. ఆఖరి ట్రిప్పుల ఎడమ కన్ను సగం మూస్కపోతది. తాగినోళ్లకు రెండు కండ్లు వాల్తయ్ బహెన్. నీకు ఒక్కటే వాల్తది."

ఇన్నాళ్లూ ఈయన నా మీద నిఘా పెట్టాడు. నేను అనుమానించింది నిజమే, కాకపోతే అనుమానించిన కారణం వేరు. కోప్పడాలో, దండం పెట్టాలో తెలియలేదు. పొద్దున్నే పేట డాక్టర్‌కు చూపించుకుంటే ఏమీ లేదన్నాడని చెప్పాను.

"దవాఖానకు పొద్దుగాల పోయినవ్ గదా? మంచిగున్నప్పుడు పోతే ఆయనకేం దొర్కుతది? బండి ఖరాబైనప్పుడు చూపెట్టాలె. డ్యూటీ దిగంగనే పో. గిట్లనే పో, అలిసిపోయి."

ఆ సాయంత్రం డిపో బాత్‌రూమ్‌లో ఫోన్‌తో నా ముఖం ఫోటో తీసుకున్నాను. మర్నాడు పొద్దున ఇంకోటి. పక్కపక్కన పెట్టి చూస్తే భయమేసింది. సాయంత్రం ఫోటోలో ఎడమ రెప్ప నల్లగుడ్డు మీద సగం దాకా దిగి ఉంది. అద్దంలో చూసుకునేది ఎప్పుడూ పొద్దున్నే కాబట్టి నా కంటికి అది పడనే లేదు. ఇంట్లోవాళ్లకు కూడా కనబడలేదా? కనబడి ఉంటే నిద్ర మొహం అనుకున్నారేమో.

ఒక పెద్దాసుపత్రిలో నరాల డాక్టరమ్మ సాయంత్రాలు కూడా చూస్తుందని తెలిసింది. మా ఆయన తనూ వస్తానన్నాడు. తోడు కోసమా, డాక్టర్ తాగుడు గురించి ఏమంటుందో వినడానికా అన్నది నేను అడగలేదు. డ్యూటీ దిగి, యూనిఫాం మీదే వెళ్లాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నేను చెప్పేది పూర్తిగా విన్నది. తర్వాత, "తల కదపకుండా పైకి, ఆ ఫ్యాన్ వైపు చూస్తూ ఉండండి. నేను చెప్పేదాకా చూపు దించొద్దు" అన్నది. చూస్తూ ఉన్నాను. కాసేపటికి ఎడమ రెప్ప తనంతట తనే దిగడం మొదలైంది. నేను ఎత్తాలని ఎంత అనుకున్నా దిగుతూనే ఉంది. మా ఆయన కుర్చీలో ముందుకు జరిగిన చప్పుడు వినబడింది.

ఆమె నర్సుతో ఐసు ముక్కలు తెప్పించి, ప్లాస్టిక్ గ్లౌజులో వేసి ముడేసి, నా ఎడమ కంటి మీద పెట్టుకోమన్నది. ఇన్ని వారాల బాధకు ఐసు ముక్కా అనిపించింది. నన్ను పరీక్షిస్తున్నారు, నాటకమాడుతున్నానో లేదో చూస్తున్నారు అనుకున్నాను. కాసేపయ్యాక ఆమె ఆ గ్లౌజు తీయమని, చిన్న అద్దం చేతికిచ్చింది.

రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి.

మా ఆయన లేచి వచ్చి చూశాడు. "మేడం, ఇంకోపారి చేస్తరా?" అని అడిగాడు. ఆయనకూ నమ్మకం కుదరలేదు. డాక్టరమ్మ విసుక్కోలేదు. మళ్లీ ఫ్యాన్ వైపు చూడమన్నది, రెప్ప మళ్లీ దిగింది. మళ్లీ ఐసు పెట్టింది, మళ్లీ తెరుచుకుంది. ఆయన తన కుర్చీలోకి వెళ్లి కూర్చుని తల దించుకున్నాడు.

అప్పుడామె రెండు చేతుల వేళ్లనీ ఎదురెదురుగా పెట్టి, ఒక చేతి వేళ్ల మధ్యలోకి ఇంకో చేతి వేళ్లు జార్చి చూపించింది. "కండ లోపల ఇలా సన్నటి పోగులుంటాయమ్మా. ఒకదాని సందులోకి ఒకటి జారి దగ్గరకొస్తాయి. అప్పుడు కండ పొట్టిగా అయి ఎముకను లాగుతుంది. కండకు లాగడం ఒక్కటే వచ్చు, నెట్టడం రాదు. మీ పోగులు బాగానే ఉన్నాయి. వాటిని కదలమని నరం చెప్పాలి. నరం కొసన చుక్కంత మందు లాంటిది విడుదలవుతుంది, దాన్ని అందుకునే చోట్లు కండ మీద ఉంటాయి. మీ ఒంట్లోని కాపలావాళ్లే శత్రువనుకుని ఆ చోట్లను పాడు చేస్తున్నారు."

"మరి పొద్దున బాగానే ఉంటుంది కదా?" అన్నాను. నన్ను అందరూ అడిగిన ప్రశ్న అదే.

"విశ్రాంతి తర్వాత నరం దగ్గర సరుకు నిండుగా ఉంటుంది. మొదట్లో గట్టిగా చెప్తుంది, మిగిలిన కాసిని చోట్లతోనే కండ వింటుంది. అదే పని మళ్లీ మళ్లీ చేస్తే నరం వదిలే చుక్క చిన్నదవుతుంది. బాగున్నవాళ్లకు అది సరిపోతుంది. మీకు సరిపోదు. చల్లదనానికి ఆ చుక్క త్వరగా విరిగిపోదు, అందుకే కన్ను తెరుచుకుంది."

బస్సులో నేను 'రైట్' అంటేనే డ్రైవర్ కదులుతాడు. నేను అంటున్నాను, అక్కడ వినబడడం లేదు. అలా అర్థం చేసుకున్నాను. కానీ నా అసలు అనుమానం ఇంకా లోపలే ఉంది.

"మరి గుండె, మేడం? అదీ ఇట్లనే ఆగిపోతదా?"

"గుండె ఒకరు చెప్తే కదిలేది కాదు. ప్రతి కొట్టుకోవడం దాన్లోనే ఒక మూలలో మొదలవుతుంది. ఒక కణం పక్క కణానికి అందిస్తుంది. నరాలు దాని వేగం పెంచుతాయి, తగ్గిస్తాయి, అంతే. ఈ కాపలావాళ్లు పాడుచేసే చోట్లు గుండె కొట్టుకోవడానికి అక్కర్లేదు. మీరు కనిపెట్టుకోవాల్సింది ఊపిరి. ఊపిరి పీల్చే కండలు చెయ్యి, కాలు లాంటివే. పడుకుంటే ఆయాసం వచ్చినా, మింగడం ఆగినా వెంటనే వచ్చెయ్యాలి."

ఒక భయం పోయి ఇంకోటి వచ్చింది. కానీ ఈ భయానికి డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చిన పేరు ఉంది, ఏం చెయ్యాలో కూడా తెలుసు.

ఇంకో రోజు నరానికి చిన్న చిన్న షాకులు వరసగా ఇచ్చి చూశారు. తెరమీద మొదటి గీత ఎత్తుగా లేచింది, తర్వాతవి ఒకదానికంటే ఒకటి పొట్టిగా అయ్యాయి. నా సాయంత్రాలన్నీ ఆ తెరమీద కనిపించాయి. రక్తం పరీక్షలోనూ తేలింది. ఈ జబ్బున్న కొందరికి ఛాతీలోని ఒక గ్రంథిలో గడ్డ ఉంటుందని స్కాన్ తీశారు, నాకు అలాంటిదేమీ లేదన్నారు. గోలీలు రాశారు.

మొదటి గోలీ వేసుకున్న సాయంత్రం నాకు బాగా గుర్తుంది. అత్తమ్మ వాకిట్లో కూర్చుని అనుమానంగానే చూస్తోంది. "గిది మత్తు గోలీ కాదు గదా?" అని మా ఆయన్ని అడిగింది. నేను జడ విప్పుకోవడానికి చేతులెత్తాను, వెళ్లాయి. జడ మొత్తం విప్పి, దువ్వి, మళ్లీ అల్లుకున్నాను. అత్తమ్మ లేచి లోపలికెళ్లి రొట్టె తెచ్చి ముందు పెట్టింది. నేను తింటుంటే నా దవడ వైపే చూస్తూ కూర్చుంది. రొట్టె అయిపోయింది. ఇంకోటి వేసింది. ఆ గోలీ తర్వాత కడుపులో మెలిపెట్టి నన్ను బాత్‌రూమ్‌కి పరుగెత్తించింది గానీ, ఆ రాత్రి నేను పొందిన సుఖం చెప్పలేను.

మా ఆయన ఆ వాసన చూసిన సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కొన్నాళ్ల తర్వాత ఆసుపత్రి లైన్‌లో నిలబడి ఉండగా ఆయనే మెల్లగా, "ఆ రోజు నేను గట్ల చేసి ఉండొద్దు" అన్నాడు. "ఔ, చేసి ఉండొద్దు" అన్నాను.

కంట్రోలర్‌కి డాక్టర్ కాగితం ఇస్తే, నా ముందే ఫోన్‌లో ఆ జబ్బు పేరు కొట్టి చూశాడు. "గిసొంటి రోగం కూడా ఉంటదా? ముందే చెప్తే అయిపోతుండె గదమ్మా" అన్నాడు. నాకు మాత్రం ముందే ఎలా తెలుస్తుంది అని అడగలేదు. నన్ను బస్‌పాసులిచ్చే కౌంటర్‌లో పొద్దుటి డ్యూటీకి వేశారు. కూర్చుని చేసే పని కోసం నాటకమాడిందని కొందరు ఇప్పటికీ అంటారని తెలుసు. రెప్ప నిలబడి ఉన్నప్పుడు నన్ను చూసేవాళ్లకు అలాగే అనిపిస్తుంది. డ్రైవర్ భాయ్ రిటైరయ్యాడు. వెళ్లేరోజు కౌంటర్ దగ్గరకొచ్చి, కన్ను ఎట్లుంది బహెన్ అని అడిగి, నా ముఖం పరీక్షగా చూసి, బరాబర్ ఉందని తనే చెప్పి వెళ్లాడు.

జబ్బు పోలేదు, పోదు కూడా. మందులతో అదుపులో ఉంది. కొన్ని రోజులు బాగుంటుంది, కొన్ని రోజులు ఉండదు. మామూలుగా అలసిపోయినా సరే, ఇది పనివల్ల వచ్చిన అలసటా, జబ్బా అని నన్ను నేను నిలదీసుకుంటాను. డాక్టరమ్మ ఇంకో సంగతి కూడా చెప్పింది. మామూలు జ్వరానికి, దగ్గుకి ఇచ్చే కొన్ని మందులు ఈ జబ్బున్నవాళ్లకు పడవు, కండల్ని ఇంకా కుంగదీస్తాయి, తనను అడక్కుండా ఏదీ మింగొద్దని. అందుకని ఇప్పుడు అనుమానించడం నా వైద్యంలో భాగమైంది.

మొన్నటి వానల్లో నాకు దగ్గు పట్టింది. మా ఆయన మెడికల్ షాపుకెళ్లి గోలీలు తెచ్చాడు. నేను అట్ట తిప్పి పేరు చదివి, ఫోటో తీసి డాక్టరమ్మకు పంపాను.

"ఏందే, దగ్గు గోలీకి కూడా గింత షక్కా? షాపాయన ఏం కాదన్నడు" అన్నాడు నా అనుమానం చూసి.

"ఆయనకు నా రోగం చెప్పినవా?"

చెప్పలేదన్నట్టు తల ఊపాడు. ఇద్దరం ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాం. ఆ గోలీ అస్సలు వద్దని, వేరే పేరు పంపుతున్నానని జవాబొచ్చింది. ఆయన ఆ అట్టను జేబులో పెట్టుకుని, కొత్త పేరు రెండుసార్లు పైకి చదివి, వానలోనే మళ్లీ చెప్పులేసుకున్నాడు.